మీట ఎవరి చేతిలో ఉండాలి

1986 జూన్‌లో కరీంనగర్ పట్టణంలో ఒక ధర్మసంస్థ నడిపే చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రిలో నన్ను ఆడియోమెట్రిస్టుగా నియమించారు. ఆడియోమెట్రిస్టు వైద్యుడు కాదు, వినికిడిని కొలిచే మనిషి. ఏ చెవికి ఏ స్వరం ఎంత బిగ్గరగా ఉంటే వినిపిస్తుందో యంత్రంతో కొలిచి పటం మీద గుర్తించడం వరకే నా అధికారం. ఆ పటం చూసి రోగం పేరు చెప్పేది శస్త్రవైద్యులు. హోదాలో నా పైన ఆయన ఉన్నారు, నా కింద ఎవరూ లేరు. పరీక్ష గదిగా నాకిచ్చింది పాత సామాన్ల కొట్టు. గోడలకు గోనెసంచులు, వాటి మీద బొంతలు కొట్టించి బజారు చప్పుడును వీలైనంత తగ్గించుకున్నాను.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. డిగ్రీ చదివినంత కాలం కళాశాల వాదోపవాదాల బృందంలో ఉన్నాను. మాకు శిక్షణ ఇచ్చిన అధ్యాపకురాలు ఒక మాట నూరిపోసేవారు: ఎదుటివారు చెప్పేది నిజమా అబద్ధమా అని తేల్చే ముందు, అది నిజమైతే వారికి ఏమి ఒరుగుతుందో చూడండి. ఆ అలవాటు నాతో పాటే ఉద్యోగంలోకి వచ్చింది. మా ఇంట్లో దాన్ని అనుమానపు బుద్ధి అనేవారు. నేను పద్ధతి అనేదాన్ని.

ఆగస్టులో సిరిసిల్ల నుంచి స్వరూప అనే పాపను తీసుకువచ్చారు. నాలుగో ఏడు నిండబోతున్నది. తండ్రి రాజేశం ఒక ఆసామి షెడ్డులో సాంచెలు నడిపేవాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు, వాటి యజమానిని ఆసామి అంటారు. రాజేశం తల్లి నర్సవ్వ ముందు నడిచింది. పాప తల్లి విజయ, ఇంట్లో బీడీలు చుట్టే మనిషి, అందరికన్నా వెనక నిలబడింది. పాపకు ‘బా’, ‘మ్మ’ వంటి రెండు మూడు శబ్దాలు తప్ప మాట రాలేదు. అయితే ఆమె మూగగా ఉండేది కాదు. గొంతు అచ్చం మాట్లాడినట్టే పైకి లేచి కిందికి దిగేది. అందులో మాటలు మాత్రం లేవు.

వైద్యులు పాప వెనక నిలబడి పెద్ద గంట మోగించారు. తిరిగింది. చిన్న డోలు కొట్టారు. తిరిగింది. చప్పట్లు కొట్టారు. తిరిగింది. నోరు తెరిపించి చూశారు. నాలుక బాగానే ఆడుతున్నది. వినికిడి సరిపడా ఉన్నదని చీటీలో రాసి, కొందరికి మాట ఆలస్యంగా వస్తుందని, ఆరు నెలలు చూద్దామని చెప్పి పంపారు. బయట జనం వరుస కట్టి ఉన్నారు.

నర్సవ్వ వెళ్తూ వెళ్తూ కోడలికి వినిపించేలా నాతో అన్నది: “నేను ముందే చెప్పిన. దీనివి పాముచెవులు. మోటరు బండి సందు తిరగకముందే తలుపుకాడ ఉంటది. చెవికి బీమారి లేదన్నంక ఇగ నాలికెనే. గంతే గద?”

కొద్దిరోజులకు విజయ పాపతో ఒంటరిగా వచ్చింది. తల్లిగారింటికి పోతున్నానని ఇంట్లో చెప్పి బస్సెక్కిందట.

“సారు తప్పు జెప్పిండని నేనంటలేను మేడం,” అన్నది. “గంటకు తిరిగింది, నేను గూడ జూసిన. గని దీని కాళ్లకు పట్టగొలుసులు జూడుండ్రి. మా అన్న తెచ్చిండు. ఏ పోరికైన కొత్త గొలుసులు వెడ్తె ఇల్లంత దునుకుతది గద. ఇది ఒక్కనాడన్న కాలు కొట్టి సూడలే.”

ఇప్పుడు తొందరేమిటని అడిగాను. ఇచ్చోడ అనే ఊరు దాటిన తరువాత ఎక్కడో ఒకాయన నాలుక కింది నరం కోస్తాడట. కోస్తే మాట వస్తుందట. వచ్చే బుధవారం తీసుకుపోదామని అత్త, భర్త నిశ్చయించారు. ఏ కత్తితో కోస్తాడో, కోసిన తరువాత ఎవరు చూస్తారో ఆమెకు తెలియదు. చెవి బాగున్నదని మా ఆసుపత్రి చెప్పిన మాటే వాళ్లకు ఆ ధైర్యం ఇచ్చిందన్నది మాత్రం ఆమెకు బాగా తెలుసు.

నేను ఆమెను నమ్మలేదు. పాపకు చెవుడని తేలితే కోత ఆగుతుంది. కోత ఆగాలన్నదే ఆమె కోరిక. అటువంటి మనిషి తెచ్చిన సాక్ష్యాన్ని ఉన్నదున్నట్టు తీసుకోవద్దని నాకు నేర్పారు. పిలిస్తే పలకవద్దని పాపకు ఎవరైనా నేర్పారా అని సూటిగానే అడిగాను.

ఆమె కోపం తెచ్చుకోలేదు. “మీరు గూడ మా అత్త లెక్కనే అడుగుతున్నరు,” అన్నది. “ఆమె జర నిమ్మలంగ అడుగుతది.”

పాప నేల మీద వేలితో గీతలు గీస్తున్నది. నేను వెనక్కి వెళ్లి, విజయ విప్పి ఇచ్చిన ఒక గొలుసును పాప చెవికి దగ్గరగా గలగలలాడించాను. గీతలు ఆగలేదు. బల్ల మీద పిడికిలితో కొట్టాను. వెంటనే తిరిగింది. ఇందులోనూ నాకు రెండు అనుమానాలున్నాయి. బల్ల దెబ్బ నేల గుండా కాళ్లకు తగలవచ్చు. గొలుసు చప్పుడు పాపకు అలవాటైపోయి ఉండవచ్చు. పైగా మూడో అనుమానం నా మీదే. కొత్తగా చేరిన నాకు పెద్ద వైద్యుల మాటను తప్పని నిరూపించాలనే ఉబలాటం లేదని నేను ప్రమాణం చేయలేను.

వైద్యులతో దాచకుండా చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు. అనుమానం ఉంటే యంత్రంతో కొలిచి పటం తెమ్మన్నారు. తండ్రి ఒప్పుకోకుండా మాత్రం పాప చెవులకు ఏదీ తగిలించవద్దని, రేపు చెవులు మేమే చెడగొట్టామంటే జవాబు ఉండదని హెచ్చరించారు. తలకు తీగలు పెట్టి మెదడు స్పందనను నేరుగా నమోదు చేసే పరీక్ష అప్పట్లో హైదరాబాదులోనే ఉండేది. బుధవారంలోగా అది కుదిరే పని కాదు.

పాప చెవులను యంత్రంతో కొలవడానికి తండ్రిని ఒప్పించాలని శనివారం నేనే సిరిసిల్ల వెళ్లాను. షెడ్డు గుమ్మంలో అడుగుపెట్టగానే సాంచెల మోత చెవుల్లోకి కాదు, ఛాతీలోకి దిగింది. లోపల ఎవరూ గొంతు ఎత్తడం లేదు. ముఖం తిప్పి, పెదవులు పెద్దగా కదిపి, కనుబొమలతో, చేతులతో మాట్లాడుకుంటున్నారు. అవతలి మనిషి అటు తిరిగి ఉంటే కాలితో నేలను తన్నుతారు. అతడు తిరిగి చూస్తాడు.

స్వరూప ఆ మోతలో హాయిగా తిరుగుతున్నది. రాజేశం నన్ను చూసి, దూరంగా ఉన్న పాప వైపు పెదవులు కదిపాడు. నూలు చుట్టిన కడ్డీలను కండెలంటారు. పాప గంపలోంచి కండెలు ఏరి తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. అతడు నన్ను, పాపను బయటికి తీసుకువచ్చి గర్వంగా అడిగాడు: “జూసిండ్రా మేడం? గింత లొల్లిల గూడ నా మాట ఇన్నది.”

అంత మోతలో పక్కనే ఉన్న నాకు మీ మాట వినబడలేదు, పాపకు ఎలా వినబడిందని అడిగాను. అలవాటన్నాడు. మెడలోని తువ్వాలతో నోరు కప్పుకొని ఇక్కడే పిలిచి చూడమన్నాను. పిలిచాడు. పాప అతని కళ్లలోకి చూస్తూ నిలబడిపోయింది. అతడు తువ్వాల దించి, “మూతికి బట్ట కట్టుకుంటె ఎవలైన గట్లనే జూస్తరు. మీరు గూడ గట్లనే జూసిండ్రు,” అన్నాడు. మా వాదోపవాదాల బృందంలో ఉండదగిన మనిషి.

నర్సవ్వ షెడ్డు పక్కనే ఉన్న వాళ్ల ఇంటి గడపలోంచే అందుకున్నది. “ఏం బిడ్డా, కరీంనగర్‌ల గిరాకి లేదా? మా పోరికి చెవుడు అంటగట్టెతందుకు బస్సు కిరాయి వెట్టుకొని వచ్చినవు.”

రాజేశం అసలు సంగతి బయటపెట్టాడు. చెవికి పెట్టే మిషన్లు అమ్మేవాళ్లు ఆసుపత్రివాళ్లకు కమీషన్ ఇస్తారని షెడ్డులో చెప్పుకుంటున్నారట. నాకు ఎవరూ ఏమీ ఇవ్వరని నేనంటే అతడెందుకు నమ్మాలి? అతని స్థానంలో నేనున్నా నమ్మను. అందుకని వేరే ప్రశ్న వేశాను: ఏం చూపిస్తే నమ్ముతారు?

అతడు షరతు చెప్పాడు. “నాకు గూడ ఆ కొలిచే మిషన్ పెట్టుండ్రి. నాకు ఇనవడ్డది పోరికి ఇనవడకుంటె, అప్పుడు ఒప్పుకుంట. ఇచ్చోడకు పోను.”

ఇంతకన్నా న్యాయమైన షరతు ఉండదనుకున్నాను. నర్సవ్వ సాక్షిగా ఒప్పుకున్నాను.

సోమవారం నలుగురూ వచ్చారు. పిల్లలకు చేసే పరీక్షలో ఒక ఆట ఉంటుంది. స్వరం వినబడినప్పుడల్లా పిల్లవాడు ఒక వస్తువును గిన్నెలో వేయాలి. సాధారణంగా చెక్క దిమ్మెలు వాడతాం. నేను రాజేశంతో షెడ్డు నుంచి ఖాళీ కండెలు, చిన్న గంప తెప్పించాను. అవి పాప చేతికి తెలిసిన వస్తువులు. ముందు స్వరాన్ని వణుకుగా అందించే చిన్న పరికరాన్ని ఆమె అరచేతిలో పెట్టి ఆట నేర్పాను. వణికినప్పుడల్లా కండె గంపలో పడాలి. త్వరగానే పట్టుకున్నది. తరువాత చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టాను. విజయను పాప వీపు వెనక, బొంత గోడ వైపు తిప్పి కూర్చోబెట్టాను. ఆమె నుంచి ఒక కనుసైగ కూడా పాపకు చేరకూడదు.

మొదట లావు స్వరం, అంటే పెద్ద డోలు గొంతు వంటిది. కండె గంపలో పడింది. చప్పుడు తగ్గించాను. పడింది. ఇంకా తగ్గించాను. పడింది. నర్సవ్వ కొడుకు వైపు చూసి తల ఊపింది. పాముచెవులన్న ఆమె మాట అంతవరకు అక్షరాలా నిజం.

తరువాత స్వరాన్ని సన్నగా చేస్తూ పోయాను. మధ్యలో ఒకచోట కండె ఆలస్యంగా పడింది. ఇంకా సన్నని స్వరం, పిట్ట కూత వంటిది, ఇచ్చాను. పాప కండెను చెంప దగ్గర పట్టుకొని నా ముఖం చూస్తున్నది. చప్పుడు పెంచాను. చూస్తూనే ఉన్నది. మళ్లీ లావు స్వరానికి వచ్చాను. కండె టక్కున పడింది. ఆట మరిచిపోలేదు, విసుగు చెందలేదు. మళ్లీ సన్న స్వరం ఇచ్చాను. కండె చెంప దగ్గరే ఆగిపోయింది.

అప్పటికి నాకు అర్థమైంది. ఆమెకు వినబడుతుందా లేదా అన్న ప్రశ్నే సరిగా లేదు. గంట, డోలు, మోటరు బండి, ఉరుము, మనిషి గొంతులోని బరువు ఆమెకు వినబడతాయి. మాటను మాటగా విడదీసే సన్నని చప్పుళ్లు వినబడవు. స, చ, త, క వంటి ధ్వనుల పదును సన్న స్వరాలలోనే ఉంటుంది. అది లేకుండా మిగిలేది మాట తాలూకు రాగం. ఆమె గొంతులో మేము విన్నది సరిగ్గా అదే. తాను విన్నదాన్నే ఆమె తిరిగి పలుకుతున్నది.

ఇక షరతు ప్రకారం రాజేశం కూర్చున్నాడు. లావు స్వరం ఇచ్చాను. తల ఊపాడు. పాప ఆగిపోయిన సన్న స్వరాన్ని అంతే బిగ్గరగా ఇచ్చాను. అతడు ఎదురుచూశాడు. మళ్లీ ఇచ్చాను. రెండు చేతులతో హెడ్‌ఫోన్లను చెవులకు అదుముకున్నాడు. తరువాత వాటిని తీసి నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు.

“దీంట్ల ఏం లేదు మేడం,” అన్నాడు. “ఏం లేనిదాన్ని పోరి ఎట్ల ఇంటది?”

నేను పెట్టుకొని విన్నాను. స్వరం సూదిలా స్పష్టంగా ఉన్నది. కానీ నేను విన్నానని చెప్పడం వాదం కాదు. ఆ గదిలో అనుమానం ఇప్పుడు నా మీద ఉన్నది, దానికి తగిన ఆధారమూ ఉన్నది. నేను ఒప్పుకున్న షరతు ప్రకారం నేను ఓడిపోయాను.

జరిగిందేమిటో నాకు తెలుసు. చిన్ననాటి నుంచి సాంచెల మధ్య నిలబడిన మనిషికి ముందు పోయేవి సన్న స్వరాలే. నొప్పి ఉండదు కనుక తెలియదు. ఎదుటి పెదవులు చూసి లోటు నింపుకుంటాడు. కానీ ఆ మాట అంటే ఏమవుతుందో కూడా తెలుసు. అన్నాను, అయింది.

“గిప్పుడు నా చెవులు గూడ ఖరాబంటరా?” అని నవ్వాడు. “ఇంటికి రెండు మిషన్లు అమ్ముదామనుకున్నరు. అవ్వకు గూడ ఒకటి పెట్టుండ్రి, మూడైతయి.”

బుధవారానికి మధ్యలో ఒక్క రోజే ఉన్నది. నేను నా కుర్చీలోంచి లేచి అతన్ని అందులో కూర్చోబెట్టాను. స్వరాన్ని పంపే మీట చూపించాను. నొక్కినా ఆ మీట చప్పుడు చేయదు. సన్న స్వరాన్ని పాపకు ఇచ్చినంత బిగ్గరగానే ఉంచి మిగతా మరలేవీ ముట్టవద్దన్నాను. “విజయ మీకు వీపు పెట్టి గోడ వైపు కూర్చుంటుంది. వినబడితే వేలెత్తుతుంది. ఎప్పుడు నొక్కాలో మీ ఇష్టం. నొక్కినట్టు నటించడం కూడా మీ ఇష్టమే. మీ అమ్మ చూస్తుంది,” అన్నాను.

“అది మీరిద్దరు అనుకున్నదే కావొచ్చు,” అన్నాడు.

“అయితే నేను గదిలో ఉండను.”

పాపను, కండెల గంపను తీసుకొని బయటికి వచ్చి తలుపు మూశాను. పాప కండెలను బల్ల మీద వరుసగా పేర్చసాగింది. తరువాత నర్సవ్వ గొంతు వినిపించింది. “లేపింది... మల్ల లేపింది... గిప్పుడు ఒత్తలేవు, ఒత్తినట్టు జేసినవు. అది లేపలే.” కుర్చీ కిర్రుమన్నది. “దాని మీద పడి సూడకురా, మంచిగ కూసో. ఒత్తు.” ఇంకాసేపటికి ఆమె గొంతు తగ్గింది. “చాలు రాజేశం. నువ్వు ఒత్తినప్పుడల్ల లేపుతాంది.”

తలుపు తెరిచింది రాజేశమే. హెడ్‌ఫోన్లు విజయ తల మీదే ఉన్నాయి.

“నాకు ఎన్నడు వొయ్యింది గిది?” అని అడిగాడు. చెప్పలేనన్నాను. షెడ్డులో అందరికీ ఇంతేనా అన్నాడు. పరీక్షించకుండా అదీ చెప్పలేనన్నాను.

నర్సవ్వ కొడుకును ఎగాదిగా చూసింది. “ఇన్నొద్దులు నేను ఎనక నుంచి పిలిస్తె పలుకకపోతివి. పెండ్లాం మాటలు ఇని నన్ను లెక్క జేస్తలేవనుకున్న,” అన్నది. విజయ గోడ వైపే తిరిగి ఉన్నది. ఆమె భుజాలు నవ్వుతో కదలడం నాకు కనిపించింది.

రాజేశం వదలలేదు. “సరే, నాకు గూడ ఇనవడ్తలేదు. గని నేను మాట్లాడ్తలేనా? పోరి గూడ గట్లనే నేర్చుకుంటది గద. ఇగ ఫికర్ ఏంది?”

అది అసలైన ప్రశ్న. అతడు మాటలు నేర్చుకున్న తరువాత చెవి చెడింది. సగం వినబడితే మిగతా సగం జ్ఞాపకంలోంచి నింపుకుంటున్నాడు. పాపకు నింపుకోవడానికి ఏమీ లేదు. మాట నేర్చుకునే ఏళ్లు ఇవే. నాలుక కోసినంత మాత్రాన వినని ధ్వని పలకడం రాదు. ఈ సంగతి అతనికి ఎదురుగా నిలబడి, పెదవులు కనిపించేలా చెప్పాను. అతడు పూర్తిగా విని, “బుధవారం పోము,” అన్నాడు.

పటం చూసిన వైద్యులు తాము ముందు రాసిన వాక్యాన్ని కొట్టివేసి, కొత్తది రాసి సంతకం చేశారు. హైదరాబాదు పరీక్ష మా పటాన్ని బలపరిచింది. పాపకు ఛాతీ మీద సంచిలో పెట్టుకునే రకం వినికిడి యంత్రం వచ్చింది. దానితో అన్నీ తీరిపోలేదు. ఆ రోజుల యంత్రం అవసరమైన సన్న స్వరాలతో పాటు అక్కరలేని లావు స్వరాలనూ పెంచేది. మొదటి రోజే సాంచెల మోతకు పాప తీగ పీకి పారేసింది. అప్పటి నుంచి రాజేశం ఆమెను షెడ్డులోకి రానివ్వలేదు. పాప చాలా రోజులు గుమ్మంలో నిలబడి ఏడ్చిందని విజయ చెప్పింది. విజయ బీడీలు చుడుతూ పాపను ఎదురుగా కూర్చోబెట్టుకొని, చేతిలోకి తీసుకునే ప్రతి వస్తువునూ తన పెదవుల దగ్గరికి తెచ్చి పేరు పలికేది. బడిలో చేరేనాటికి స్వరూప మాట ఇంటివారికి, పంతులమ్మకు తెలిసేది. కొత్తవారికి రెండోసారి చెప్పవలసి వచ్చేది. ‘స’ ఎన్నడూ సరిగా పలకలేదు.

ఆ వారం నాకు నేర్పినది ఇంతే. అనుమానించేవారిని మాటలతో గెలవాలని చూస్తే అనుమానం పెరుగుతుంది. పరీక్షను వారి చేతికిచ్చి మనం గది బయటికి పోగలిగితే, మన మాట నిలిచేదో కాదో మనకు కూడా తెలుస్తుంది. దానికన్నా ముందు, ఏ కొలతకు ఒప్పుకుంటున్నామో ఆ కొలతను కొలవాలి. రాజేశం షరతులో అన్యాయమేమీ లేదు. అందులో కొలబద్దగా నిలిచిన అతని చెవిని మాత్రం ఎవరూ పరీక్షించలేదు.

ఆ తరువాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు, ఏ పాపను తీసుకువచ్చినా వెంట వచ్చిన పెద్దవారిని ముందు కూర్చోబెట్టాను. మేం వచ్చింది పాప కోసమని చాలామంది అభ్యంతరం చెప్పారు. నేను హెడ్‌ఫోన్లు అందించి, వినబడినప్పుడు వేలెత్తమన్నాను.